కనుమ దాటాలంటే కాగితమేదీ?

ఉత్తరాఖండ్ కొసన, భారత్, నేపాల్, టిబెట్ ఒకదాన్నొకటి తాకే చోట లిపులేఖ్ కనుమ ఉంది. ఎత్తు 5,000 మీటర్ల పైమాటే. కైలాస మానసరోవర యాత్రికులు కింద నాభిఢాంగ్ మకాం నుంచి రెండో జామో మూడో జామో కాగానే టార్చిలైట్లు పట్టుకుని కాలినడకన, గుర్రాల మీద బయల్దేరేవారు. పొద్దెక్కితే పైన గాలి నిలబడనివ్వదు మరి. కనుమ మీద చేతిగడియారం ఏడు చూపిస్తుండగా అవతలికి ఒక్క అడుగు వేస్తే టైము తొమ్మిదిన్నర! చైనాలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బీజింగ్ టైమే. పక్కనున్న నేపాల్‌లో అదే క్షణంలో ఏడుంబావు. చాలాసార్లు వెళ్లే జట్టూ వచ్చే జట్టూ ఆ ఉదయం అక్కడే ఎదురయ్యేవి. ఒకరిని అప్పగించి, ఇంకొకరిని వెంట తెచ్చుకునేవారు మన భద్రతా సిబ్బంది.

మన దేశానికీ టిబెట్‌కూ మధ్య ఇలాంటి కనుమలు చాలానే ఉన్నాయి. వాటిని దాటినవాళ్ల కథలు వింటుంటే ఒకటి తేటతెల్లమవుతుంది: చలినీ, మంచునూ ఎలాగో తట్టుకున్నారు. అసలు తంటా కాగితంతోనే!

వింతేమిటంటే, ఒకప్పుడు ఆ కాగితమే అక్కర్లేదు. 1954 ఏప్రిల్ 29న భారత్, చైనా సంతకాలు చేసిన ఒప్పందాన్ని మనం పంచశీల అని బడిలో చదువుకున్నాం. ఆ అయిదు సూత్రాలు దాని పీఠికలోనివి. అసలు ఒప్పందమంతా టిబెట్‌తో వ్యాపారం, రాకపోకల గురించే! షిప్కీ, మానా, నీతి, కుంగ్రీ బింగ్రీ, దార్మా, లిపులేఖ్ అని ఆరు కనుమల పేర్లు అందులో రాసుకున్నారు. సరిహద్దు జిల్లాల వాళ్లు చిల్లర బేరాలకో, చుట్టాలను చూడటానికో దాటితే పాస్‌పోర్టు వద్దు, వీసా వద్దు. కంచర గాడిదలు తోలేవాళ్లకూ పాస్‌పోర్టు పనిలేదు, కొన్ని నెలల గడువున్న ధ్రువపత్రం చాలు. యాత్రికులైతే అవతలి చెక్‌పోస్టులో పేరు రాయించుకుంటే సరిపోయేది. రెండు పెద్ద ప్రభుత్వాలు కూర్చుని గాడిదలు తోలేవాడి సౌకర్యం గురించి ఒక పేరా రాసుకోవడం నాకు మహా ముచ్చటగా ఉంటుంది. ఎనిమిదేళ్లకే, 1962లో, ఆ ఒప్పందం గడువు తీరింది. అదే ఏడాది యుద్ధం వచ్చింది, కనుమలు మూతపడ్డాయి. లిపులేఖ్ మళ్లీ యాత్రికులకు తెరుచుకునేసరికి 1981.

ఈ దారుల్లో బరువులు మోసింది గుర్రాలు, కంచర గాడిదలే అనుకుంటాం. గొర్రెలూ, మేకలూ కూడా మోశాయి! వీపుకు రెండువైపులా చిన్న సంచులు, ఒక్కోదానికి సుమారు పది కిలోలు. ఇటునుంచి ధాన్యం, అటునుంచి ఉప్పు, వెలిగారం, ఉన్ని. మందకు దాణా మోసుకెళ్లే పని లేదు, దారి పొడవునా మేస్తూనే నడుస్తుంది. అయితే గడ్డి మొలవని చోటు వస్తే ఆగడానికి వీల్లేదు. కుమావూఁలోని జోహార్ లోయ వ్యాపారులకు ఊంటాధురా, జయంతి, కుంగ్రీ బింగ్రీ అని వరసగా మూడు కనుమలు, మూడూ 17,000 అడుగుల పైనే. మధ్యలో మేత లేదు, వంటచెరకు లేదు. అందుకని మూడింటినీ ఒక్క రోజులోనే దాటేసేవారు.

ఆ వ్యాపారికి అవతల ఒక టిబెటన్ భాగస్వామి ఉండేవాడు. పొత్తు కుదిరితే ఒక రాయిని రెండు ముక్కలు చేసి చెరొకటి దాచుకునేవారు. రెండు ముక్కలూ అతికినట్టు కలిస్తే మనిషి ఖాయం. ఇంతకన్నా గట్టి గుర్తింపు కార్డు ఉంటుందా?

అవతలి సరుకుల్లో ఒకటి మన గుళ్ల దాకా వచ్చింది. స్వామికి వీచే తెల్లటి వింజామర జడల బర్రె తోక వెంట్రుకలతో చేసేది. 2006లో సిక్కింలోని నాథులా కనుమ గుండా వ్యాపారం మళ్లీ మొదలైనప్పుడు, దిగుమతి చేసుకోవచ్చన్న సరుకుల జాబితాలో జడల బర్రె తోకలు, గుర్రాలు, మేకలు, గొర్రెలు ఉన్నాయి. ఇరవై ఒకటో శతాబ్దపు వాణిజ్య పత్రమంటే నమ్మడం కష్టమే!

ఇక దొంగచాటుగా దాటినవాళ్లు. వీళ్లలో మొదటి పీట నయన్ సింగ్ రావత్‌ది. 1830లో జోహార్ లోయలోని మిలం గ్రామంలో పుట్టాడు. తెల్లవాళ్లకు టిబెట్‌లోకి ప్రవేశం లేని రోజులవి. అందుకని బ్రిటిష్ సర్వేవాళ్లు కొండ మనుషులకే సర్వే నేర్పి పంపారు. ముందు నేర్పింది నడక: ఎత్తైనా పల్లమైనా ప్రతి అంగా ఒకే కొలత, మైలుకు 2,000 అంగలు. చేతిలో జపమాల. పూసలు 108 ఉండాలి కదా, ఇతని మాలలో వంద! నూరు అంగలకు ఒక పూస జరిపితే మాల తిరిగేసరికి అయిదు మైళ్లు. ప్రార్థనా చక్రంలో మంత్రానికి బదులు కొలతలు రాసుకున్న చీటీలు. నక్షత్రాల ఎత్తు చూసేందుకు కావాల్సిన పాదరసం గవ్వల్లో. ఎత్తు తెలుసుకోవడానికి నీళ్లు మరిగించి అందులో థర్మామీటరు ముంచేవాడు. పైకి పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. లిపులేఖ్ అంత ఎత్తున సుమారు 83 డిగ్రీలకే. (అక్కడ కందిపప్పు ఉడికించాలని చూసినవాళ్లకు ఈ లెక్క థర్మామీటరు లేకుండానే తెలుసు.)

ఇన్ని ఎత్తులు వేసినవాణ్ణి కొండ ఆపలేదు, 1865లో నేపాల్ సరిహద్దులోని క్యిరోంగ్ చెక్‌పోస్టు ఆపింది. మాటలు నమ్మక వెనక్కి పంపేశారు. నయన్ సింగ్ లడఖీ వ్యాపారి వేషం కట్టి, పిలక తగిలించుకుని మళ్లీ వెళ్లాడు. 1866 జనవరికల్లా లాసాలో ఉన్నాడు. తర్వాత 1874-75లో లేహ్ నుంచి లాసా మీదుగా తవాంగ్ చేరితే, అక్కడా అనుమానపడి కొన్ని వారాలు కదలనివ్వలేదు. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది.

కింథుప్‌కు పతకం కాదు కదా, పంపిన ఉత్తరం చదివినవాడే లేకపోయాడు. సిక్కిం మనిషి, చదువు రాదు. టిబెట్‌లోని సాంగ్‌పో, అస్సాంలోని బ్రహ్మపుత్ర ఒకటేనా అని తేల్చడానికి 1880లో ఒక లామాకు తోడుగా పంపారు. ఆ లామా ఇతన్ని బానిసగా అమ్మేసి తన దారిన తాను పోయాడు. కింథుప్ పారిపోయి ఒక మఠంలో తలదాచుకుంటే మఠాధిపతి డబ్బిచ్చి విడిపించాడు. తీర్థయాత్రకని సెలవు అడిగి, అడవిలో 500 దుంగలు కొట్టి గుర్తులు పెట్టాడు. ఫలానా రోజుల్లో రోజుకు యాభై చొప్పున నదిలో వదులుతాను, కింద కాపు కాయండి అని లాసా వెళ్లి ఉత్తరం రాయించి పంపాడు. చెప్పిన రోజుల్లో చెప్పినట్టే వదిలాడు. ఉత్తరం అందాల్సిన అధికారి అప్పటికి దేశంలో లేడు. దుంగలు ఎవరి కంటా పడకుండా బ్రహ్మపుత్రలో కొట్టుకుపోయాయి. నాలుగేళ్లకు తిరిగొచ్చి చెబితే మొదట నమ్మినవాళ్లు తక్కువ. తర్వాత అతను చెప్పిందే నిజమైంది.

వేషాల సంగతి ఇంకా చాలా ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన అలెగ్జాండ్రా డేవిడ్-నీల్ యాభై అయిదేళ్ల వయసులో జుట్టుకు నల్లసిరా పూసుకుని, బిచ్చగత్తె రూపంలో 1924లో లాసా చేరింది. తెలుగు పాఠకులు అనువాదాల్లో ఇష్టంగా చదువుకున్న రాహుల్ సాంకృత్యాయన్ కూడా 1929లో నేపాల్ మీదుగా మారువేషంలోనే టిబెట్ వెళ్లాడు.

వేషం వేసుకుని ఎదురుదిశలో వచ్చినవాడు దలైలామా. 1959 మార్చి 17 రాత్రి సిపాయి దుస్తుల్లో, కళ్లద్దాలు తీసేసి లాసా దాటాడు. రెండు వారాలు గుర్రాల మీద ప్రయాణం. చివరికి విరేచనాలతో నీరసించి గుర్రం మీద కూర్చోలేకపోతే, జడల బర్రెకూ ఆవుకూ పుట్టిన జో అనే సాధుజంతువు మీద ఎక్కించారు. మార్చి 31న తవాంగ్ ప్రాంతంలో సరిహద్దు దాటింది దాని వీపు మీదే. ఆశ్రయం ఇస్తామన్న ఢిల్లీ మాట అప్పటికే అంది ఉంది కాబట్టి, అస్సాం రైఫిల్స్ జవాన్లు సాదరంగా ఎదురొచ్చారు.

ఇప్పుడు లిపులేఖ్ వైపు రోడ్డు పడింది. 2020 మేలో దాన్ని ప్రారంభిస్తే, ఆ నేల తమదంటూ నేపాల్ అభ్యంతరం చెప్పింది. అయిదేళ్ల విరామం తర్వాత 2025లో యాత్ర మళ్లీ మొదలైంది. ఒకప్పుడు రోజుల తరబడి నడిచిన దారిలో ఇప్పుడు చాలామటుకు వాహనాలే. ఎవరు వెళ్లాలో కంప్యూటరు లాటరీ తేలుస్తుంది, ఆపైన డాక్టర్ల పరీక్షలు.

లాటరీ తగలని మనవాళ్లు నేపాల్ దారి పడతారు. నేపాల్‌గంజ్ నుంచి విమానంలో సిమికోట్, అక్కడి నుంచి హెలికాప్టర్‌లో హిల్సా, ఆపైన కర్ణాలీ నది మీద వేలాడే వంతెన దాటితే టిబెట్. 2018 జులైలో వాతావరణం చెడి ఇక్కడ వందలమంది భారతీయులు చిక్కుకుపోయినప్పుడు, మన తెలుగు రాష్ట్రాలవాళ్లూ వారిలో ఉన్నారు. ఈ దారిలో చైనా ఇచ్చేది గుంపు వీసా: జట్టులోని పేర్లన్నీ ఒకే కాగితం మీద. మధ్యలో ఎవరికైనా ఊపిరి ఆడక వెనక్కి దిగాల్సి వస్తే, ఆక్సిజన్ సిలిండర్‌తో పాటు ఆ పేరును జాబితా నుంచి విడదీయించే పని కూడా ఏజెంటు చూసుకోవాలి.