ఇంట చిక్కిన వేళ కుక్కపిల్లను తెచ్చుకొందుమా?

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ మొదలు మే 31వ తేదీ వరకు, 68 దినములు, దేశమంతయు ఇండ్లలోనే నిలిచిపోవలసి వచ్చినది. కరోనా వ్యాధి భయమున చార్మినారు చుట్టును ఎన్నడెరుగని నిశ్శబ్దము క్రమ్ముకొన్నది. లాడ్‌బజారులో గాజుల అంగళ్ళు మూతపడినవి. శాలిబండలో ఇరానీ చాయ్ త్రాగుచు కబుర్లాడువారు కానరారైరి. అట్టి దినములలో ఒకనాటి సాయంకాలము మా యింట ఒక ప్రశ్న తలయెత్తినది. “నాన్నగారూ, బడి లేదు కదా, ఒక కుక్కపిల్లను తెచ్చుకుందాం. మేమే చూసుకుంటాం” అని పిల్లలు పట్టుపట్టినారు.

ఇట్టి కోరిక మీలో పలువురి యిండ్లలోను వినవచ్చియుండును. ఆ దినములు గడచినవి కాని, ఇంట చిక్కుకొను సందర్భములు గడచిపోలేదు. ఇంటినుండియే ఉద్యోగము చేయువారికి, జబ్బుపడి కోలుకొనుచున్నవారికి, క్రొత్తగా ఉద్యోగ విరమణ చేసినవారికి, వేసవి సెలవులలో పిల్లలకు ఈ ఆలోచన కలుగుట సహజము. కావున ఆనాడు మేము వేసికొన్న లెక్కలను మీ ముందుంచుచున్నాము.

మొదటి లెక్క కాలమునకు సంబంధించినది. కుక్క సాధారణముగా పది, పన్నెండేండ్లు జీవించును. పన్నెండేండ్లనగా సుమారు 4,380 దినములు. మనము ఇంట చిక్కినవి 68 దినములు. ఆ 68 దినముల తీరికను చూచి, 4,380 దినముల బాధ్యతను తలకెత్తుకొనవచ్చునా? ఆరవ తరగతి పిల్లవాడు కోరిన కుక్క, వాడు పట్టభద్రుడై ఉద్యోగమునకు పోవునాటికిని మన వాకిటనే యుండును. అప్పటికి అది ముసలిదగును. వైద్యము ఎక్కువ కావలసి వచ్చును.

రెండవ విషయము కుక్కపిల్ల ఎదుగుదల. పుట్టిన పది, పదునాలుగు దినములకు దాని కన్నులు విచ్చుకొనును. ఎనిమిది వారములు నిండువరకు తల్లివద్దనే యుండవలెను. అంతకంటె చిన్నపిల్లలను విక్రయింపరాదని 2017వ సంవత్సరపు కేంద్ర ప్రభుత్వ నిబంధనలు చెప్పుచున్నవి. మూడవ వారమునుండి సుమారు పదునాలుగవ వారము వరకు గల కాలము మిక్కిలి ముఖ్యమైనది. ఆ వయస్సులో ఏ మనుష్యులను చూచునో, ఏ చప్పుళ్ళు వినునో, వానిని అది తన లోకమని నమ్మును. అప్పుడు చూడనివానికి, విననివానికి పెద్దదైన పిమ్మట జడియును, లేక మొరుగును, కరవవచ్చును.

చిక్కు ఇక్కడనే యున్నది. అందరమును ఇంటనున్నాము గనుక పెంచుట సులభమని తలంతుము. కాని తలుపులు మూసిన యింట పెరిగిన పిల్లకు పరాయి మనిషి యెరుక ఉండదు. అంతకంటె ముఖ్యమైనది, అది ఒక్క గడియయైనను ఒంటరిగా నుండి యెరుగదు. ఒకనాడు కచేరీలు, బడులు తెరచుటతోడనే అందరును ఒక్కమారు మాయమగుదురు. ఆ కుక్క తలుపు గీరును, అరచును, చెప్పులు కొరకును. అది దుష్టత్వము కాదు, దిగులు. మా సందులోనే ఆ వేసవిలో ఒకరు ముచ్చటపడి తెచ్చిన కుక్కను, పనులు మొదలైన పిమ్మట పగలంతయు మెట్ల కమ్మికి కట్టివేయుట మేము చూచితిమి. దాని యేడుపు కొన్ని నెలలు విన్నాము. తరువాత ఒకనాటినుండి వినరాలేదు. ఏమైనదని అడుగుటకు మాకు నోరు రాలేదు.

పాతబస్తీ చప్పుళ్ళు కూడ లెక్కలోనివే. లాల్‌దర్వాజా బోనాలు, గణేశ నిమజ్జనము, మొహర్రము ఊరేగింపు, పెండ్లి బరాతులో మర్ఫా వాద్యము, దీపావళి టపాకాయలు ఏటేట వచ్చునవే. నిశ్శబ్దపు వేసవిలో పెరిగిన పిల్ల వీనినెట్లు భరించును? తెచ్చుకొన్నవారు చిన్ననాడే కొంచెము కొంచెముగా, బెదరకుండ, ఈ ధ్వనులను అలవాటు చేయవలెను.

మూడవది పొరుగువారి విషయము. ఇక్కడి ఇండ్లు గోడకు గోడ కలిసినవి. ముస్లిము కుటుంబములలో పలువురు కుక్క లాలాజలము తగిలినచో శుద్ధి చేసికొననిదే నమాజు చేయరు. హిందువులలో పూర్వాచారపరులును మడి వంటయింటి గడప దాటి దానిని రానీయరు. ఇది ద్వేషము కాదు. ఖురానులోని గుహవాసుల కథలో వాకిట కుక్క యున్నది. మహాభారతములో ధర్మరాజు స్వర్గమునకైనను కుక్కను విడిచి రానన్నాడు. అయినను కథలోని కుక్క వేరు, పొరుగువారి మెట్లను పాడుచేయు కుక్క వేరు. కావున తెచ్చుటకు ముందే ప్రక్కయింటివారితోను, అద్దెయిల్లైనచో యజమానితోను మాటాడుట మర్యాద. నగర పాలక సంస్థనుండి అనుమతి పత్రము పొందుట విధి.

ఇక జాతి మాట. 2003వ సంవత్సరములో ఒక టెలిఫోను సంస్థ ప్రకటనలో పిల్లవాని వెంట నడచిన పగ్ కుక్కను చూచి దేశమంతట ఆ జాతికి గిరాకి పెరిగినది. కాని కుక్కలు నాలుక చాచి వగర్చుటచేతనే ప్రధానముగా శరీరపు వేడిని తగ్గించుకొనును. అణగిన ముక్కుగల పగ్‌కు ఆ వగర్పే కష్టము. మే నెలలో నలువది డిగ్రీలు దాటు హైదరాబాదులో, రేకుల కప్పు క్రింద, దాని ప్రాణమునకే ముప్పు. మన వాతావరణమునకు వేల యేండ్లుగా అలవడిన వీధికుక్క పిల్లయే ఇక్కడ సుఖముగా బ్రతుకును, దానిని కొననక్కరలేదు. 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూక్రాస్ వంటి సంస్థలు అట్టి పిల్లలను పెంపకమునకు ఇచ్చుచుండును.

ఆరోగ్య విషయమున రెండు మాటలు. ఆరు, ఎనిమిది వారముల వయస్సునుండి పార్వో, డిస్టెంపరు వ్యాధులకు టీకాలు మొదలిడి కొన్ని వారముల కొకమారు మరల వేయింపవలెను. మూడు నెలలకు రేబిస్ టీకా, తరువాత ఏడాదికి మరల టీకా తప్పదు. రేబిస్ లక్షణములు పొడచూపిన పిమ్మట మరణము దాదాపు నిశ్చయము. కాని కరచిన వెంటనే జాగ్రత్త పడినచో దానిని నివారింపవచ్చును. గాయమును పారు నీటిలో సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే వైద్యుని చూడవలెను. కారము, పసరు పూయరాదు. పెంపుడు కుక్క గీరినను ఇదే పద్ధతి.

కరోనా కాలమున పెంపుడు జంతువులవలన ఆ వ్యాధి వచ్చునను భయముతో కొందరు కుక్కలను వీధిలో విడిచినారు. నిజమునకు వ్యాధి ప్రధానముగా మనుష్యులనుండి మనుష్యులకు వ్యాపించుచుండెను. 2021వ సంవత్సరము మే నెలలో మన బహదూర్‌పురాలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఎనిమిది సింహములకు కరోనా సోకినట్లు తేలినప్పుడును, అది మనుష్యులనుండియే వాటికి సంక్రమించియుండునని భావించిరి.

ఈ లెక్కలన్నియు అయిన పిమ్మట మేమొక పరీక్ష పెట్టితిమి. కుక్క లేకయే, ఉన్నట్లు పదునైదు దినములు నడచుకొనవలెను. ఉదయము ఆరింటికి ఒకరు లేచి మేడపై పావుగంట తిరుగవలెను. రెండు పూటల వాకిట మట్టిపాత్రలో నీరు నింపవలెను. రాత్రి మరల తిరుగవలెను. పేర్లు వ్రాసి గోడకు అంటించితిమి. ఎనిమిదవనాడు ఆరింటికి గడియారము మ్రోగినది, ఎవరును లేవలేదు. మా అమ్మగారు మోకాళ్ళు పట్టుకొని లేచి నీటిపాత్ర నింపుచు, “మీరంతా వెళ్ళిపోయాక దాని వెంట తిరగాల్సింది నేనే కదరా” అన్నారు. ఆ మాట మా లెక్కలలో ఎక్కడను చేరలేదు. కుక్క ఎవరికి కావలెనని అడిగితిమి గాని, అందరును బయటికి పోయిన పిమ్మట ఆ పని ఎవరి మీద పడునని అడుగలేదు.

మేము కుక్కను తేలేదు. పిల్లలు రెండు దినములు అలిగినారు. అయితే నీటిపాత్రను తీసివేయలేదు. హోటళ్ళు మూతపడి ఎంగిలి మెతుకులు లేక వీధికుక్కలు అలమటించిన ఆ వేసవిలో, మా సందు కుక్క ఒకటి ఆ పాత్రకు అలవాటుపడినది. బడులు తెరచిన తరువాతను పెద్దమ్మాయి రాత్రిపూట దానిని నింపుచునే యున్నది.

మీ యింట ఈ ప్రశ్న వచ్చినచో వెంటనే కాదనకుడు, ఔననకుడు. పదునైదు దినములు గోడపై పేర్లు వ్రాసి చూడుడు. పదునారవనాడును ఆరింటికి ఎవరైనను సంతోషముగా లేచినచో, నిశ్చింతగా తెచ్చుకొనుడు.