మందు కొట్టిన ఆకు మీద ఎవరుంటారు?

ఆగస్టు నెలాఖరు. అనంతపురం వైపు ఒక పల్లెలో మందుల కొట్టు. నడివయసు రైతు ఒకాయన చొక్కా జేబులోంచి వేరుశనగ రెమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. ఆకు మీద గోధుమరంగు మచ్చలు, చుట్టూ పసుపు వలయం. కొట్టాయన ఒక్క చూపు చూసి, అరలోంచి కార్బండాజిమ్ ప్యాకెట్ తీశాడు. "తిక్కమచ్చే అన్నా. ఇది కొట్టు, ఆకు మీద బూజనేది మిగిలితే నన్నడుగు." రైతు నమ్మాడు. పక్కనే నిలబడిన నాకు మాత్రం ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ ఒక్క మాటలో మూడు నాలుగు అపోహలున్నాయి మరి.

అపోహ: బాగున్న ఆకు మీద శిలీంధ్రం ఉండదు, ఉంటే అది తెగులే.

పచ్చగా నిగనిగలాడే ఆకునొకదాన్ని కోసి, గాజు పళ్లెం మూత లోపలివైపు కాస్త వాజ్‌లీన్‌తో అంటించండి. కింద పళ్లెంలో శిలీంధ్రాలు పెరిగే అగార్ జెల్లీ ఉండాలి. ఆకు జెల్లీని తాకకూడదు. కొద్ది రోజుల్లో కింద జెల్లీ మీద గులాబీ చుక్కలతో ఆకు బొమ్మ తేలుతుంది, చిల్లుల గొట్టంతో దొర్లించిన ముగ్గులాగా. అది స్పోరోబోలోమైసిస్ అనే ఈస్ట్ పని. ఆకు మీద కూర్చుని తన బీజాలను గాలిలోకి చిమ్ముతుంది. నేను చూసిన ప్రయోగాల్లో ఇంత చవకైనదీ, ఇంత అందమైనదీ ఇంకోటి లేదు.

ఇలాంటి ఈస్టులతో పాటు క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా లాంటి బూజులు కూడా ఆకు మీద కాపురముంటాయి. ఆకులోంచి ఊరే కాస్త చక్కెర, పేనుబంక వదిలే తేనెలాంటి జిగురు, ఎక్కడినుంచో వచ్చి పడ్డ పుప్పొడి వాటి తిండి. చాలావాటివల్ల పైరుకు నష్టమేమీ లేదు. పైగా కొన్ని తెగుళ్ల బీజాలకు మొలకెత్తే వేళ ఆ తీపే కావాలి. అవి వచ్చేసరికి విస్తరి ఖాళీ అయి ఉంటుంది.

అపోహ: మందు కొడితే ఆకు కడిగినట్టు శుభ్రమవుతుంది.

స్వీడన్‌లో రెండు ప్రాంతాల్లోని 18 గోధుమ పొలాల నుంచి ఆకులు తెచ్చి, వాటి మీది శిలీంధ్రాలను డీఎన్ఏ ద్వారా లెక్కపెట్టారు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. అన్నీ కలిపి 235 రకాలు తేలాయి. మందు కొట్టిన పొలాల్లో ఆకు ఖాళీ కాలేదు. ఎవరి వాటా ఎంత అన్నది మారింది. ఆ మార్పు విపరీతమేమీ కాదు గానీ, కాకతాళీయమని కొట్టిపారేసేదీ కాదు. ఎవరి జోలికీ పోని కొన్ని బూజుల వాటా తారుమారైంది. అసలు గురిపెట్టిన తెగుళ్ల విషయంలోనేమో కొన్ని తగ్గాయి, కొన్ని తగ్గలేదు.

అపోహ: తెగుళ్ల మందు ఏదైనా ఒకటే, బూజునల్లా చంపుతుంది.

ద్రాక్షలో బూజు తెగులుకు కార్బండాజిమ్ కొడితే నీళ్లు కొట్టినట్టే. ఆ తెగులు జీవి చూపుకు బూజే గానీ నిజమైన శిలీంధ్రం కాదు. దానికి పనిచేసే మెటలాక్సిల్ అసలు శిలీంధ్రాల మీద పనిచేయదు. ఇక వరిలో అగ్గితెగులుకు వాడే ట్రైసైక్లజోల్ శిలీంధ్రాన్ని చంపనే చంపదు. దాని నల్లరంగు తయారీని ఆపుతుంది. ఆ రంగు లేకపోతే ఆకును పొడుచుకుని లోపలికి పోయే బలం దానికి రాదు.

అపోహ: ఆకుకు కొట్టిన మందు సంగతి ఆకుతోనే సరి.

దీనికి జవాబు వేరుశనగలోనే ఉంది. 1970ల మొదట్లో అమెరికాలో అలబామా రైతులు తిక్కమచ్చకు బెనోమిల్ అనే తెగుళ్ల మందు కొట్టారు. మొదట్లో గొప్పగా పనిచేసింది. కొద్ది ఏళ్లలోనే మచ్చ తెగులు దానికి అలవాటు పడిపోయింది. అంతకంటే వింత మొక్క మొదలు దగ్గర జరిగింది. స్క్లెరోషియం అనే శిలీంధ్రం తెచ్చే మొదలుకుళ్లు, బెనోమిల్ కొట్టిన మళ్లలో ఎక్కువగా కనిపించింది. నేలకు దగ్గరగా కాండం చుట్టూ తెల్లటి దారాలు, వాటిలో ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తాయే, అదే. బెనోమిల్‌ను స్క్లెరోషియం లెక్కచేయదు. స్క్లెరోషియాన్ని అదుపులో పెట్టే ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం మాత్రం ఆ మందుకు తట్టుకోలేదు. ఆకు కోసం కొట్టిన మందు నేల మీద కాపలావాణ్ణి కూల్చి, దొంగను వదిలేసింది.

బెనోమిల్‌ను మన దేశంలో 2018లో నిషేధించారు. కానీ బెనోమిల్ మొక్కలోకి పోయాక విడిపోయి మారేది కార్బండాజిమ్‌గానే. ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో మాగబెట్టి చల్లే రైతులున్నారు. ఆ తర్వాత కార్బండాజిమ్ కొట్టేవాళ్లు కూడా వాళ్లలోనే ఉన్నారు. ఒక చేత్తో నారు పోసి ఇంకో చేత్తో పీకడమంటే ఇదే.

వేరుశనగ చేలో ఎప్పుడైనా సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా, పుల్లలా బిగుసుకుపోయి ఆకుకు అతుక్కున్న లద్దెపురుగు కనిపించిందా? అది చూసి ఇదేదో కొత్త తెగులని భయపడేవాళ్లున్నారు. పురుగును చంపిందీ ఒక శిలీంధ్రమే, పేరు నొమురియా రైలీ. కొన్నాళ్లకు తెలుపు మీద లేత ఆకుపచ్చ పొడి వస్తుంది, ఆ పొడి పక్క పురుగులకు అంటుతుంది. ఫ్లోరిడా సోయాచిక్కుడు చేలలో బెనోమిల్ కొట్టినచోట ఈ శిలీంధ్రం తగ్గి, ఆకుతినే పురుగు పెరిగింది. తెగుళ్ల మందు కొట్టి పురుగును పెంచుకున్నారన్నమాట.

అపోహ: అయితే మందే మానేస్తే ప్రకృతే చూసుకుంటుంది.

ఇది పట్నంలో కూర్చున్నవాళ్లు చెప్పే మాట. తిక్కమచ్చ, తుప్పు తెగులు రెండూ కలిసొస్తే సగం దిగుబడి పోయిన చేలున్నాయి. ఆకంతా రాలిపోతే పశువులకు కట్టె కూడా దక్కదు. మంచి బూజులు ఆ ఉధృతిని ఆపలేవు. మందు కావాలి, ఏ మందన్నదే ప్రశ్న. మాంకోజెబ్ శిలీంధ్రంలో ఒకేసారి చాలాచోట్ల దెబ్బతీస్తుంది, దానికి తెగులు అలవాటు పడడం కష్టం. కార్బండాజిమ్ దెబ్బ పడేది ఒక్కచోటే. అన్నట్టు, ఈ కాలపు ఖరీదైన మందుల్లో ఒక తరగతికి మూలం పైన్ చెట్ల కాయల మీద మొలిచే చిన్న పుట్టగొడుగు. పోటీ బూజులను దగ్గరికి రానివ్వకుండా అది తయారుచేసుకున్న పదార్థాన్ని చూసే అజాక్సీస్ట్రోబిన్ లాంటివి రూపుదిద్దుకున్నాయి.

ఇంతకీ ఆ రోజు కొట్టులో, రైతు డబ్బులు లెక్కపెడుతుంటే నేను ఆ రెమ్మ తీసి తిప్పి చూశాను. ఆకు అడుగున సూదిమొనంత ఇటుకరంగు పొక్కులున్నాయి. బొటనవేలితో రాస్తే ఎర్రపొడి అంటింది. మచ్చతో పాటు తుప్పు కూడా దిగింది. స్క్లెరోషియంలాగే తుప్పు కూడా కార్బండాజిమ్‌ను లెక్కచేయదు. వేలు చూపించాను. కొట్టాయన ఒక్క క్షణం చూసి, ఏమీ అనకుండా ప్యాకెట్ మళ్లీ అరలో పెట్టి, టెబుకొనజోల్ సీసా కోసం వెనక్కి తిరిగాడు.