దూలానికి గాటు పెడితే ఏమవుతుంది?

బెంగళూరు కె.ఆర్. మార్కెట్ దగ్గర టిప్పు సుల్తాన్ వేసవి విడిది ఉంది. 1791లో పూర్తయిన ఈ రెండంతస్తుల భవనంలో స్తంభాలు, దూలాలు ఎక్కువగా టేకువే. నగరంలోని పాత బంగళాల్లో మద్రాస్ టెర్రస్ అనే పాతకాలపు ఇటుక, సున్నం కప్పులనూ కర్ర దూలాలే మోస్తున్నాయి.

బరువు పడితే దూలం కాస్త వంగుతుంది. అప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. అందుకే పైపు కోసమని నడిమధ్యన, అడుగున గాటు పెట్టడం చాలా ప్రమాదం. 20 సెంటీమీటర్ల మందమున్న దూలంలో 5 సెంటీమీటర్లు చెక్కేస్తే పోయింది పావువంతే కదా అనిపిస్తుంది. కానీ దాని బలం ఆ మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే అక్కడ మిగిలేది సుమారు 56 శాతమే! పైగా గాటు మూల నుంచే చీలిక మొదలవుతుంది.

మరి బాగుచేయడం ఎలా?

ముందు కింద ఊతాలు నిలిపి బరువు తప్పించాలి. తర్వాత దూలానికి రెండు పక్కలా కొత్త చెక్కలో, ఉక్కు పలకలో ఆనించి, గాటుకు అటూ ఇటూ బాగా దూరం వరకు బోల్టులు బిగించాలి. గోడలో దిగిన కొనలు చెమ్మకు కుళ్లితే ఆ ముక్క కోసేసి కొత్తది అతుకుతారు. చెమ్మను ఆపకపోతే అదీ కుళ్లుతుంది.

మీ ఇంటి దూలాన్ని తడితే డొల్ల చప్పుడు వస్తోందా? వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి, స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించమనండి.