4.3 ముదురు రంగు గులాబీ: పాత వర్ణనలను చదవడం

'టస్కనీ' గాలికా వర్గానికి చెందిన పాత తోట గులాబీ. పొద పొట్టిది. ఏడాదికి ఒక్కసారే, వేసవి మొదట్లో పూస్తుంది. రేకులు నలుపుకు దగ్గరగా ఉండే ముదురు ఎరుపు. నడుమ పసుపు కేసరాలు స్పష్టంగా కనిపిస్తాయి. 1597లో ఇంగ్లండులో జాన్ జెరార్డ్ తన 'హెర్బల్' గ్రంథంలో వర్ణించిన 'వెల్వెట్ గులాబీ' ఇదేనని తోటల గురించి రాసేవారు తరచు చెబుతారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

పువ్వు నల్లని ఎరుపని, ఎర్ర మఖమలు బట్టను పోలి ఉంటుందని, మధ్యలో పసుపు పోగులుంటాయని జెరార్డ్ రాశాడు. 1629లో జాన్ పార్కిన్సన్ మరికొన్ని లక్షణాలు చేర్చాడు: ముళ్ళు దాదాపు ఉండవు, ఆకుల పచ్చదనం మిగతా గులాబీలకన్నా ముదురు, సువాసన మామూలు ఎర్ర గులాబీకన్నా తక్కువ.

ఇక్కడ భాష విషయంలో మీరు జాగ్రత్తపడాలి. పార్కిన్సన్ ఆకుల రంగును 'శాడ్' అన్నాడు. నేడు ఆ మాటకు విచారం అని అర్థం. ఆనాడు రంగుల విషయంలో ముదురు అని అర్థం. అలాగే పూరేకులను కూడా అప్పట్లో 'లీవ్స్' అనే అనేవారు. ఇది తెలియని పాఠకుడు రేకుల లెక్కను ఆకుల లెక్కగా పొరబడతాడు. ఇక 'నలుపు' సంగతి. మనం నల్లకలువ అనేది నీలి పువ్వునే కదా! గులాబీలో నల్లని వర్ణకం లేదు. ఆంథోసయనిన్లు దట్టంగా ఉండటం, రేకు పైపొర కణాలు చిన్న శంకువుల్లా పొడుచుకొని వచ్చి కాంతిని ఎక్కువగా పీల్చుకోవడం వల్ల ఆ నలుపు ఛాయ, మఖమలు నిగారింపు కలుగుతాయి. కనుక జెరార్డ్ పోలిక అలంకారం కాదు, మంచి పరిశీలన.

బొమ్మల సాయం మాత్రం తక్కువ. 'హెర్బల్'లోని చెక్క అచ్చు బొమ్మల్లో అధికభాగం అంతకుముందు జర్మనీలో వెలువడిన టాబెర్నెమొంటానస్ గ్రంథానివి. అచ్చులో రంగు లేదు. మొక్కను ఎదుట పెట్టుకొని గీశారన్న హామీ లేదు.

రంగు, కేసరాలు టస్కనీకి సరిపోతున్నాయి. కానీ వెల్వెట్ గులాబీ ఒంటి రేకలదీ, ముద్దదీ కూడా ఉంటుందని పార్కిన్సన్ స్పష్టంగా చెప్పాడు. అంటే ఆ పేరు ఒకే రకానిది కాదు, ఒక చిన్న గుంపుది. పిలకలతో, అంట్లతో పెంచే టస్కనీ మాత్రం ఒకే రకం. పైగా ఆ రెండు వర్ణనలూ వెల్వెట్ పేరుతోనే ఉన్నాయి, టస్కనీ పేరుతో కాదు. అందువల్ల టస్కనీ ఆ గుంపులోది కావచ్చు అనడం సబబు; జెరార్డ్ చూసిన మొక్కే ఇది అనడానికి ఆధారం చాలదు. 19వ శతాబ్దిలో వచ్చిన 'టస్కనీ సుపర్బ్' విషయంలో ఆ మాత్రం కూడా అనలేం: దాని పువ్వు పెద్దది, రేకులు ఎక్కువ, జెరార్డ్ గమనించిన పసుపు పోగులు వాటి మధ్య సగం దాగిపోతాయి.