‘అంతా ఫేకే’ అనేవాళ్లకు సకురాబా జవాబు

రెజ్లింగ్ చూస్తానని చెప్పగానే నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘అదంతా ఫేక్ కదా బ్రో?’ నిజమే, ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. అంతమాత్రాన రెజ్లర్లకు అసలు ఫైట్ చేయడం రాదా? అలా అడిగినవాళ్లకు నేను జపాన్ ఫైటర్ కజుషి సకురాబా గురించి చెబుతుంటాను.

సకురాబా ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోంచే వచ్చాడు. 1997 డిసెంబరులో జపాన్‌లో యూఎఫ్‌సీ టోర్నీ గెలిచి, ప్రో రెజ్లింగ్‌లో దమ్ముందని మైకులోనే చెప్పేశాడు. ఆ మాటకు అసలు పరీక్ష 2000 మే 1న టోక్యో డోమ్‌లో వచ్చింది. ప్రత్యర్థి రాయిస్ గ్రేసీ, 1993లో మొట్టమొదటి యూఎఫ్‌సీ విజేత. రౌండ్లకు లిమిట్ వద్దని పట్టుబట్టింది గ్రేసీ వాళ్లే. సకురాబా మాత్రం రెజ్లింగ్ షోకి వచ్చినట్టు మాస్క్ వేసుకుని వచ్చాడు!

15 నిమిషాల చొప్పున ఆరు రౌండ్లు, మొత్తం 90 నిమిషాలు. కిక్‌లు తిని తిని గ్రేసీ కాలు ఇక సహకరించలేదు. అన్న రోరియన్ టవల్ విసిరేశాడు. సకురాబా అదే రాత్రి, తనకంటే చాలా బరువైన ఇగోర్ వోవ్‌చాంచిన్‌తో మరో 15 నిమిషాలు తలపడ్డాడు.

2012లో మళ్లీ రెజ్లింగ్ రింగ్‌లోకే వెళ్లాడు. 2017లో యూఎఫ్‌సీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చేరాడు. నాకు నచ్చేది ఇదే: అతను దేన్నీ చిన్నచూపు చూడలేదు. ఎంఎంఏలో ఎదుటివాడిని ఓడించాలి. రెజ్లింగ్‌లో ఎత్తి పడేస్తూనే, అతని మెడకు ఏమీ కాకుండా కాపాడాలి. ఆ రెండో పని తేలికని మీకు అనిపిస్తోందా?