గోడల దగ్గరే ఆగిన గృహ ప్రమాణాలు

తెలుగు గ్రామాల్లో కులాన్ని గుర్తించడానికి మనుషుల్ని అడగనక్కరలేదు, ఊరి పటం చూస్తే చాలు. మాలపల్లె, మాదిగవాడ ఏ దిక్కున ఉన్నాయో తెలిస్తే భూమి ఎవరి చేతుల్లో ఉందో, చెరువు, బడి ఎవరికి దగ్గరో అర్థమవుతుంది. ప్రభుత్వం పేదలకు ఇల్లు కట్టించే ప్రతి సందర్భమూ ఈ పటాన్ని మార్చగల అవకాశమే. కానీ దశాబ్దాలుగా మన పథకాలు ఆ పని చేయకపోగా, పాత వెలివాడ పక్కనే కొత్త వాడను కట్టాయి. ‘కాలనీ’ అనే మాట అనేక పల్లెల్లో దళితవాడకు మారుపేరు కావడం ఇందుకు సాక్ష్యం.

గృహ ప్రమాణాలపై చర్చ జరగలేదని కాదు. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇళ్ల పట్టాల పంపిణీ ప్రారంభించినప్పుడు గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో ఒక సెంటు చొప్పున స్థలం కేటాయించింది. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. ఇంత ఇరుకు స్థలం ఆరోగ్యానికి, కుటుంబ గోప్యతకు చాలదంటూ 2021 అక్టోబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం నిర్మాణాలను నిలిపివేసింది. మరుసటి నెలలోనే ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును కొట్టివేసింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం గ్రామాల్లో మూడు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామని ప్రకటించింది. ఈ పెంపు ఆహ్వానించదగినదే. అయితే ఎన్ని సెంట్లు అన్న ప్రశ్న మోగినంతగా, ఆ సెంట్లు ఎక్కడ అన్న ప్రశ్న వినిపించలేదు.

పెద్ద లేఅవుట్‌కు సరిపడా భూమి ఒక్కచోట చవకగా దొరికేది సాధారణంగా ఊరికి దూరంగానో, పల్లపు నేలల్లోనో. రాజమహేంద్రవరం సమీపంలోని ఆవ భూములు ముంపు ప్రాంతమన్న వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది. కూలి పని దొరికే చోటుకు, ఆసుపత్రికి, బడికి దూరమైన పక్కా ఇల్లు తాళం వేసి ఉండిపోతుంది. కుటుంబం పాత గుడిసెలోనే బతుకుతుంది. అప్పుడు లబ్ధిదారుకు ఇంటిమీద ఆసక్తి లేదని నివేదికలు రాస్తారు.

తెలంగాణలో ఇదే సమస్య మరో రూపంలో ఉంది. 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సాయం 5 లక్షల రూపాయలు, కనీస విస్తీర్ణం 400 చదరపు అడుగులు. ప్రమాణం మెరుగైనదే. కానీ తొలి విడతలో సొంత స్థలం ఉన్నవారికే ప్రాధాన్యం. మొదటి లక్ష చేతికి రావాలంటే పునాది ముందే పూర్తి కావాలి. తాత పేరిట ఉన్న చిన్న స్థలాన్ని ముగ్గురు మనవలు పంచుకునే దళిత కుటుంబానికి స్థలమూ లేదు, పునాదికి అప్పు పుట్టే హామీ కూడా లేదు. నిబంధనలో కులం పేరు ఎక్కడా కనిపించదు. అయినా తరతరాల భూమిలేమి ఎవరిదో, జాబితాలో వెనక్కి జరిగేవారూ చాలావరకు వారే.

ఇందుకు న్యాయపరమైన ఆధారం కొత్తగా వెతకనక్కరలేదు. ఉత్తరప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల ఇళ్ల కోసం చేసిన భూసేకరణను భూయజమానులు సవాలు చేసిన చమేలీ సింగ్ కేసులో, 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సేకరణను సమర్థించింది. ఆశ్రయ హక్కు అంటే తలమీద కప్పు మాత్రమే కాదని, గాలి, వెలుతురు, మంచినీరు, పారిశుద్ధ్యం, రోడ్డు అందులో భాగమేనని స్పష్టం చేసింది. అంటే ఇంటి ప్రమాణం గడప దాటి వీధిలోకి, వీధి నుంచి ఊరిలోకి సాగాలి.

రెండు రాష్ట్రాలూ చేయవలసింది నాలుగు పనులు. ఇంటి విస్తీర్ణంతో పాటు ఊరి మధ్య నుంచి లేఅవుట్‌కు ఉండదగిన గరిష్ఠ దూరాన్ని, మురుగు కాలువను, ముంపులేని నేలను తప్పనిసరి ప్రమాణాలుగా ఉత్తర్వుల్లో చేర్చాలి. స్థలం లేనివారిని రెండో విడతకు నెట్టకుండా, ఊరిని ఆనుకొని భూమి కొని ముందుగా వారికే ఇవ్వాలి. పునాదికి ముందే తొలి విడత సాయం విడుదల చేయాలి. ఒకే లేఅవుట్‌లో అన్ని కులాల ఇళ్లు పక్కపక్కనే ఉండేలా కేటాయింపు జరగాలి. వెలివాడకు సిమెంటు స్లాబు వేసినంత మాత్రాన అది ఊరు కాదు.