ఎన్నో తరం పిల్లి?

అడవిపిల్లికీ ఇంటిపిల్లికీ పుట్టిన సంకరజాతి పిల్లుల వ్యాపారంలో ధరను నిర్ణయించేది రంగు కాదు, మచ్చ కాదు, ‘ఎఫ్’ అనే అక్షరం పక్కన ఉండే చిన్న అంకె. సంతానానికి సంబంధించినది అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి వచ్చిన ఆ అక్షరం, ఆ పిల్లికీ దాని వంశంలో అతి దగ్గరి అడవి పూర్వికుడికీ మధ్య ఎన్ని తరాల దూరం ఉందో చెబుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరు అసలైన అడవిపిల్లి అయితే పుట్టినది ఎఫ్-1, తాతల తరంలో ఒకరైతే ఎఫ్-2, ముత్తాతల తరంలో అయితే ఎఫ్-3. అంకె పెరిగేకొద్దీ అడవి దూరమవుతుంది, ధర దిగుతుంది. పెంపకందారు నిజంగా తెలుసుకోవలసిన స్వభావం గురించి మాత్రం ఆ అంకె సగమే చెబుతుంది.

తెలంగాణ నుంచి వలసవెళ్లిన నేతకుటుంబాలు ఎన్నో స్థిరపడిన గుజరాత్‌లోని సూరత్‌లో, పారిశ్రామికవాడ (జీఐడీసీ) షెడ్లకు పేరుపడిన ఖటోదరా వంటి పేటలో, ఈ లెక్కను మగ్గం భాషలో చెబితే సులువుగా అందుతుంది. ఎఫ్-1 పిల్లి పడుగంతా ఒక రకం నూలు, పేకంతా మరో రకం నూలు వేసి నేసిన బట్ట వంటిది. ప్రతి క్రోమోజోమ్ జతలోనూ ఒకటి అడవిది, ఒకటి ఇంటిది కనుక సగానికి సగం అన్న మాట అక్కడ అక్షరాలా నిజం. ఎఫ్-2లో నాలుగో వంతు, ఎఫ్-3లో ఎనిమిదో వంతు, ఎఫ్-4లో ఆరు శాతం పైచిలుకు, ఎఫ్-5లో మూడు శాతం అని ఆపైన చెప్పేవన్నీ, ప్రతి తరంలోనూ ఇంటిపిల్లితోనే జతకట్టించారనుకొని వేసిన సగటు లెక్కలు. జన్యువులు పాలూ నీళ్లలా కలవవు. తుండ్లు తుండ్లుగా చేతులు మారుతాయి కాబట్టి, ఒకే ఈతలో పుట్టిన రెండు ఎఫ్-3 కూనల్లో ఒకదానికి అడవి వాటా ఎక్కువగా, మరొకదానికి తక్కువగా రావచ్చు. రెండువైపులా సంకరపిల్లులే తల్లిదండ్రులైతే లెక్క మళ్లీ మారిపోతుంది.

లోకంలో ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. మొదటిదైన బెంగాల్ పిల్లికి మన బెంగాల్‌లో పుట్టుక లేదు. ఒంటినిండా చిరుత మచ్చలుండే ఆసియా అడవిపిల్లి శాస్త్రీయనామమైన ‘ప్రయోనైలూరస్ బెంగాలెన్సిస్’ నుంచి ఆ పేరు వచ్చింది. అమెరికాలో జీన్ మిల్ 1960ల్లో ఈ సంకరానికి తొలి ప్రయత్నం చేశారు. ఆ తరువాత కాలిఫోర్నియాలో విల్లర్డ్ సెంటర్‌వాల్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు లుకేమియా పరిశోధన కోసం పుట్టించిన సంకరపిల్లులను 1980ల తొలినాళ్లలో ఆమె సేకరించి ఒక జాతిగా స్థిరపరిచారు. రెండోదైన సవానా, పొడవాటి కాళ్లూ పెద్ద చెవులూ ఉండే ఆఫ్రికా సర్వల్‌కూ సయామీ పిల్లికీ 1986లో పుట్టిన కూనతో మొదలైంది. సర్వల్ తొమ్మిది నుంచి పద్దెనిమిది కిలోలు తూగుతుంది, దాని గర్భకాలం సుమారు 74 రోజులు. ఇంటిపిల్లిది 63 నుంచి 65. గర్భకాలాలు సరిపోలని ఈ కలయికలో కూనలు తరచూ బలహీనంగా పుడతాయి, ఎఫ్-1 సవానా అరుదు కావడానికి ఇదొక కారణం.

మరో కారణం మగకూనల వంధ్యత్వం. కంచరగాడిదలో ఆడైనా మగైనా సాధారణంగా సంతానం కలగదు. పిల్లుల్లో ఆడవి కంటాయి, మగవి మాత్రం బెంగాల్‌లో మూడో తరం వరకూ, సవానాలో నాలుగో తరం వరకూ చాలావరకు గొడ్డువే. సంకరసంతానంలో ఒక లింగం లోపిస్తే లేదా వంధ్యమైతే అది రెండు భిన్నమైన లింగక్రోమోజోములున్న లింగమే అవుతుందని 1922లో జె.బి.ఎస్. హాల్డేన్ ప్రతిపాదించిన సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ. ఈ సూత్రం వల్లనే తొలి తరాల ఆడపిల్లులను ఇంటి గండుపిల్లులతో జతకట్టించక తప్పదు. అడవి వాటా తరతరానికీ సగానికి పడిపోవడం పెంపకందార్లు కోరుకున్న పద్ధతి మాత్రమే కాదు, ప్రకృతి పెట్టిన షరతు కూడా.

పెంపుడు జంతువుగా చూస్తే తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పరుగులో కాదు, మూత్రంలో. తొలి తరాల పిల్లులు తమ హద్దును గుర్తించడానికి గోడలమీద, పరుపులమీద మూత్రం చిమ్ముతాయి. అడవిలో అది బతుకుతెరువు, ఇంట్లో అది యజమాని ఓపిక తెగే చోటు. ఇసుక తొట్టెను వాడకపోవడం, కొత్తవారిని చూసి నక్కడం, ఒక్క మనిషికే చేరువై మిగతావారిని దూరం పెట్టడం, చేపనూ కోడినీ ఆటవస్తువుగా కాక వేటగా చూడడం ఎఫ్-1, ఎఫ్-2 పిల్లుల్లో సామాన్యం. ఎఫ్-1 సవానా పది కిలోలకు చేరువ కాగలదు. అమెరికాలోని మిషిగన్‌లో 2016లో 48.4 సెంటీమీటర్ల ఎత్తుతో ప్రపంచంలో అతి ఎత్తైన ఇంటిపిల్లిగా రికార్డుకెక్కినది ఎఫ్-2 సవానా. ఎఫ్-3 దగ్గర స్వభావం మెత్తబడుతుంది గానీ కూన ఎవరి చేతుల్లో, ఎన్ని వారాల వయసు నుంచి పెరిగిందన్నది అంకెకన్నా ముఖ్యమవుతుంది. ఎఫ్-4, ఎఫ్-5 దాటినవి చురుకుదనం పాలు ఎక్కువైన ఇంటిపిల్లులే. ఎత్తుల మీదికి దూకుతాయి, తలుపులు తీయడం నేర్చుకుంటాయి, కొన్ని నీళ్లతో ఆడతాయి, రోజంతా ఒంటరిగా వదిలితే ఇల్లు పీకి పందిరి వేస్తాయి. రేబిస్ పోని మన దేశంలో మరో చిక్కు కూడా తలచుకోవాలి: ఇంటిపిల్లుల మీద పరీక్షించిన టీకాలు ఉన్నాయి గానీ, అమెరికాలో సైతం అడవి సంకరాలకంటూ అనుమతి పొందిన రేబిస్ టీకా లేదు.

ఇంతకీ కొనేవారు డబ్బు పెట్టేది దేనికి? అడవి అందానికి అని జవాబు వస్తుంది. దాదాపు వెయ్యి బెంగాల్ పిల్లుల జన్యువులను పరిశీలించి క్రిస్టఫర్ కేలిన్, గ్రెగొరీ బార్ష్ బృందం 2024లో ప్రకటించిన అధ్యయనం ఆ జవాబును తలకిందులు చేసింది. నేటి బెంగాల్ పిల్లిలో అడవిపిల్లి వాటా సగటున 3.5 శాతం చుట్టూ మాత్రమే ఉందనీ, చిరుతను తలపించే ఆ రూపానికి చాలావరకు ఇంటిపిల్లుల్లో ముందునుంచీ ఉన్న జన్యుభేదాలే కారణమనీ అందులో తేలింది. ఆ జాతికి వన్నె తెచ్చిన మెరిసే బొచ్చు మూలం ఇంకా దగ్గరిది: 1980ల తొలినాళ్లలో ఢిల్లీ జంతుప్రదర్శనశాలలో ఖడ్గమృగం ఆవరణ దగ్గర తిరుగుతున్న ఒక వీధిపిల్లిని జీన్ మిల్ అమెరికాకు తెప్పించి తన వంశవృక్షంలో చేర్చారు. లక్షలు పెట్టి కొనే ‘అడవి’ మెరుపులో ఢిల్లీ వీధుల నాటుపిల్లి వాటా ఉన్నదన్న మాట.

చట్టాలు మాత్రం అంకెనే పట్టుకుంటాయి. బ్రిటన్‌లో ఎఫ్-1కు ప్రమాదకర జంతువుల లైసెన్సు కావాలి, ఎఫ్-2 నుంచి అక్కరలేదు. ఆస్ట్రేలియా 2008లో సవానా దిగుమతిని ఏ తరమని చూడకుండా నిషేధించింది. న్యూయార్క్ రాష్ట్రం ఐదో తరం నుంచి ఒప్పుకుంటుంది, న్యూయార్క్ నగరం అదీ ఒప్పుకోదు. వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం ప్రకారం, వంశంలో గడచిన నాలుగు తరాల్లో జాబితాలోని అడవిజంతువు ఉంటే ఆ సంకరాన్నీ అడవిజంతువుగానే లెక్కించాలి. భారతదేశపు చిరుతమచ్చల అడవిపిల్లి అందులో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోనూ అది ఉన్నందున, మన దేశంలో ఎఫ్-1 బెంగాల్‌ను పుట్టించాలంటే ముందు ఆ అడవిపిల్లిని బంధించి పెంచాలి, అదే నేరం. సైటీస్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ చట్టంలో భాగమయ్యాయి. జాబితాలోని సజీవ విదేశీ జంతువులు ఉన్నవారు వాటిని నమోదు చేయించాలని 2024లో నియమాలు వచ్చాయి. కనుక ఖటోదరాలో రెండు గదుల ఇంట్లో ఉండి అడవి అందం కోరుకునే కుటుంబానికి చట్టం, స్థలం, ఇరుగుపొరుగు మూడూ ఒకే వైపు చూపిస్తాయి: కొంటే ఐదో తరం దాటినది, తల్లిదండ్రుల పత్రాలు చూసి, కూన తల్లితో ఎలా మెలుగుతున్నదో కళ్లారా చూసి కొనాలి, లేదా వీధిలోని నాటుకూననే తెచ్చుకోవాలి.

గుజరాత్‌లోనే ఈ కథ వ్యతిరేక దిశలోనూ నడుస్తోంది. కచ్ ఎడారిలో బతికే చుక్కల ఆసియా ఎడారిపిల్లి, ఇంటిపిల్లికి దగ్గరి బంధువు. ఊళ్ల అంచుల్లో తిరిగే ఇంటిపిల్లులతో అది కలవడాన్ని ఆ జాతికి ముప్పుగా జీవశాస్త్రజ్ఞులు పరిగణిస్తున్నారు. అక్కడ పుట్టే సంకరకూనలకు ఎఫ్ అంకె వేసేవారు లేరు, వాటికి ధర లేదు, చూపుకు తేడా కూడా పెద్దగా ఉండదు. వాటి తరమేదో జన్యుపరీక్షే చెప్పాలి.